మాపటికి వస్తా

కృపమణి ఏసురాజును మొట్టమొదట చూసినప్పుడు అతను నల్లబల్ల మీద ఒక తప్పు రాసి, దాన్ని వరండా నిండా ఉన్న మనుషుల చేత గట్టిగా చదివిస్తున్నాడు.

'బావి శానా దూరం ఉండాది.'

చదువుతున్న వాళ్ళలో ఆరేళ్ళ ఆడపిల్లలున్నారు, మీసాలు నెరిసిన జట్కావాలా ఉన్నాడు, పళ్ళు సగం ఊడిపోయిన ముసలమ్మ ఉంది. అందరూ కలిసి బావి దూరమని అరుస్తుంటే చర్చి మెట్ల మీద నిలబడ్డ కృపమణికి నవ్వాగలేదు. నవ్వి తన దారిన తాను పోయి ఉంటే ఈ కథ లేదు. ఆమె రాజమండ్రి పిల్ల, ఊరుకునే రకం కాదు.

"మాస్టారండీ, శానా కాదు, చాలా. ఉండాది కాదు, ఉంది" అంది.

చదువు ఆగిపోయింది. అందరి తలలూ ఇటు తిరిగాయి. మాస్టారి తల అన్నిటికంటే చివర తిరిగింది. మాస్టారంటే పెద్ద మనిషి కాదు, బి.ఏ. చదువుతున్న కుర్రాడు. బక్క పలచని మనిషి, చెవిదాకా సుద్దపొడి.

"మీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగాడు.

"చాలా అనే అంటాం."

"వీళ్ళ ఇండ్లల్లో శానా అంటారు. ఇంట్లో మాట ముందు కండ్లకు కనపడాల. ఊళ్ళో మాట దాని వెనకాలనే నడిచొస్తాది" అన్నాడు. అని, ఆమె ఇంకా అక్కడ లేనట్టే బల్ల వైపు తిరిగాడు.

కృపమణికి చెంపలు వేడెక్కాయి. తప్పు దిద్దితే మనిషి కనీసం తడబడాలి కదా. ఇతనికి ఆ మర్యాద కూడా తెలియదు.

అవి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. కోస్తా నుంచి వచ్చిన గుమాస్తాలు గుడారాల్లో ఫైళ్ళు రాసేవారు, గుడారాల్లోనే కాపురముండేవారు. ఎండాకాలం గుడారం పెనంలా కాలేది. గాలి దుమారం వస్తే ఎవరి గుడ్డలు ఎవరి గుంజకు చుట్టుకున్నాయో వెతుక్కునేవారు. కృపమణి తండ్రి దేవదానం గారు ఆ గుమాస్తాల్లో ఒకరు. తల్లి లేని పిల్లను పిన్ని పెంచింది. ముగ్గురూ ఒక గుడారంలో ఉంటూ, ఈ ఊళ్ళో నీళ్ళని, ఎండని, జనం మాటని తిట్టుకుంటూ రోజులు గడుపుతున్నారు.

ఏసురాజు కడప వైపు వాడు. కమలాపురం దగ్గర పల్లె. నాయనకు కొద్దిగా సేద్యం, ఆదివారం నాడు చర్చిలో వాక్యం చదివే పని. కొడుకు కాలేజీకి కర్నూలు వచ్చి, చర్చి వెనక గదిలో ఉంటూ, సాయంకాలాలు వరండాలో చదువు చెప్పేవాడు. ఎవరొచ్చినా కాదనేవాడు కాదు. లెక్కలు రాని పిల్లలు, అక్షరం రాని పెద్దలు అందరూ ఒకే వరండాలో కూర్చునేవారు.

అతని పద్ధతి ఒకటే. అ ఆ లతో మొదలుపెట్టడు. వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, నీకు ఏ మాట రాయాలనుంది అని అడుగుతాడు. ఆ మాట నీ నోట ఎట్లా పలుకుతుందో అట్లాగే రాసి చూపిస్తాడు. ముసలి గిడ్డమ్మ ఇంతకు ముందు ఎవరి దగ్గరో వాచకం పట్టుకుందట. అందులో బొమ్మ కింద వేరుశెనగ అని ఉందని విని పుస్తకం మూసేసింది. పుట్టిన కాడినుంచి తాను అమ్ముతున్నది బుడ్డలు గాని వేరుశెనగ కాదని ఆమె వాదన. ఏసురాజు పలక మీద బుడ్డలు అని రాసిచ్చాడు. వారం తిరక్కుండా గిడ్డమ్మ తన గంప మీద, గోనె మీద, కోడలి తలుపు మీద బొగ్గుతో బుడ్డలు అని రాసిపెట్టింది. నిజానికి ఏసురాజు వాళ్ళ ఊళ్ళో వాటిని శెనక్కాయలంటారు. ఆ సంగతి గిడ్డమ్మతో అతను ఒక్కనాడూ అనలేదు.

జట్కావాలా పెద్ద ఈరన్నకు తన పేరు అక్కర్లేదు, గుర్రం పేరు కావాలి. రాణి అని రాయడం వచ్చిన రోజున పలక తీసుకుపోయి గుర్రానికి చూపించాడు. గుర్రం నాకిందట. బాగుందని దాని అభిప్రాయమని ఈరన్న అందరికీ చెప్పుకున్నాడు.

కృపమణి మర్నాడు మళ్ళీ వచ్చింది. పోట్లాడటానికే వచ్చింది. ఇలా చెబితే వీళ్ళు రేపు పేపరు ఎలా చదువుతారని నిలదీసింది. ఏసురాజు ఈరన్న చేతికి పేపరు ఇచ్చాడు. ఈరన్న వేలు పెట్టి, కూడబలుక్కుని, 'చాలా' అని చదివి, "మన శానానే కదప్పా ఇది, తలకాయ మార్చుకొనొచ్చింది" అన్నాడు. కృపమణి పోయి, లెక్కలు తప్పుతున్న ఆడపిల్లల దగ్గర కూర్చుని కూడికలు దిద్దసాగింది. ఆ తరువాత రోజూ వచ్చింది. చర్చి పని కదా అని దేవదానం గారు అడ్డుపెట్టలేదు.

వచ్చినప్పుడల్లా ఏసురాజు మాటను వెక్కిరించేది. ఏమప్పా అని పిలిచేది. యాడికి పోతాండావప్పా అని, అతని గొంతు తెచ్చుకుని అడిగేది. పిల్లలు పడిపడి నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. కాని మెల్లమెల్లగా అతను ఆమెతో మాట్లాడే తీరు మారిపోయింది. గిడ్డమ్మతో గిడ్డమ్మ మాట, ఈరన్నతో ఈరన్న మాట, ఈమెతో మాత్రం ఇస్త్రీ చేసిన మాట. "మీరు వచ్చినందుకు సంతోషమండి. ఈ దినం వాతావరణం చల్లగా ఉందండి." వాక్యానికొక అండి తగిలించేవాడు. వరండాలో ఎంతమంది ఉన్నా ఆ అండీలన్నీ ఆమెకే వెళ్ళేవి.

అందరినీ మీ ఇంట్లో ఏమంటారని అడిగే మనిషి ఆమెను మాత్రం మళ్ళీ అడగలేదు. ఆమె ఇంట్లో మాట తనకు వచ్చేసిందనే అనుకున్నాడు. ఆడవాళ్ళ సంగతిలో మగవాళ్ళకు ఇంత త్వరగా చదువు పూర్తయిపోతుంది మరి.

ప్రేమకథన్నాక వాన కురవాలి. కర్నూల్లో అది మన ఇష్టం కాదు, ఆ ఏడు చాలా ఆలస్యంగా వచ్చింది. ఒక సాయంకాలం ఉన్నట్టుండి దబదబా కొట్టింది. పిల్లలు వరండా దిగి నోళ్ళు తెరిచి నిలబడ్డారు. గిడ్డమ్మ గంప నెత్తిన బోర్లించుకుంది. కృపమణి గుడారం ఏమైపోయిందోనని కంగారుపడితే ఈరన్న జట్కా కట్టాడు. తోడు కోసమని ఏసురాజూ ఎక్కాడు. జట్కా కప్పు ఒక పక్క కారుతోంది. అతను కారే పక్క కూర్చుని తడుస్తూ, ఆమెకు నీళ్ళు పడుతున్నాయేమోనని చూశాడు. ఆమె చూపు అతని మీదే ఉంది. ఇద్దరూ ఒకేసారి బయటికి చూశారు. బయట తుంగభద్ర మీద వాన తప్ప చూడటానికేమీ లేదు.

"ఒకటి అడగనా?" అంది కృపమణి. "అందరితో మనిషిలా మాట్లాడతారు. నాతో పుస్తకం మింగినట్టు మాట్లాడతారేం?"

"మీరు నవ్వుతారని."

"ఇంక నవ్వను."

ముందు నుంచి ఈరన్న గొంతు వినిపించింది. "ఏమప్పా రాజూ, రాణికి తెలిసిపాయ. నీకింకా తెలీల్యా?" అని. ఏం తెలిసిందో ఎవరూ అడగలేదు. గుడారం దగ్గర దిగేటప్పుడు కృపమణి చెయ్యి అందుకుని దింపాడు. వదలటానికి కాస్త ఆలస్యమైంది.

అతను ఒక్కసారి నువ్వు అంటే బాగుండునని ఆ రోజు నుంచి ఆమె కనిపెట్టుకుని ఉంది. అతనికి ధైర్యం చాలలేదు. కాలేజీ అయి ఉద్యోగం వస్తేగాని దేవదానం గారి ముందు నిలబడే మొహం తనకు లేదనుకునేవాడు. ఇంకా టైముందనుకున్నాడు. చదువుకుంటున్న వాళ్ళందరికీ టైము చాలా ఉన్నట్టే కనపడుతుంది.

యాభై ఆరు అక్టోబరులో రాజధాని హైదరాబాదుకు మారుతుందని ఖాయమైంది. గుడారాలు ఒక్కొక్కటే కూలిపోసాగాయి. నిన్న వీధి ఉన్న చోట ఇవాళ గుంజల గుంటలు మిగిలాయి. దేవదానం గారికి రాజమండ్రి నుంచి ఒక సంబంధం వచ్చింది. పి.డబ్ల్యు.డి. ఓవర్సీరు, మంచి కుటుంబం, అక్కడి తమ చర్చివాళ్ళే. ఊరు వదిలేలోగా జవాబు రాయాలని ఆయన కూతుర్ని అడుగుతున్నాడు. కృపమణి రోజుకొక వంక చెబుతోంది.

చివరికి ఒక ఉదయం ఆమె చర్చి దగ్గరికి వచ్చింది. ఆ పూట చదువు లేదు. ఏసురాజు ఒక్కడే బల్ల తుడుస్తున్నాడు.

పిన్ని మధ్యాహ్నం హైదరాబాదు బండికి సామాను తీసుకుని ముందుగా బయలుదేరుతోందని, నాన్నగారు మర్నాడు ఆఫీసు వాళ్ళతో వస్తారని, తాను ఎవరితో వెళ్ళినా ఒకటేనని చెప్పింది. ఓవర్సీరు సంగతి కూడా చెప్పింది. చెప్పేటప్పుడు అతని మొహం చూడలేదు. గోడ మీద ఎవరో రాసిన బుడ్డలు అన్న మాట చూస్తూ చెప్పింది.

గుడ్డ అతని చేతిలోనే ఉండిపోయింది. అండీలన్నీ ఎటుపోయాయో పోయాయి.

"నువ్వు ఆ మాటకు సరే అన్యావా?" అన్నాడు.

నువ్వు. ఇన్నాళ్ళు ఎదురుచూసిన మాట ఇంత మామూలుగా వచ్చేసింది.

"అనలేదు. అనమంటారా?"

"అనొద్దు. నేను మీ నాయనతో మాట్లాడతా."

"ఎప్పుడు?"

"మాపు" అన్నాడు ఏసురాజు. "మాపటికి వస్తా. వచ్చి మాట్లాడతా."

ఆమె మొహంలో వెలుగు అట్లాగే ఆగిపోయింది. "మాపా?" అంది.

"ఆ, మాపే."

ఇక్కడ కాస్త ఆగాలి. కమలాపురం వైపు మాపంటే సాయంకాలం. అంతకంటే ఏమీ లేదు. పొద్దు వాలి దీపం పెట్టే వేళ. ఏసురాజు అన్నది, ఈ సాయంకాలమే వస్తాను, స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని, పెద్దమనిషిలా వచ్చి నిన్ను అడుగుతాను అని. వరండాలో ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. ఈరన్న సందకాడ అనేవాడు, గిడ్డమ్మ పొద్దుగూకినాక అనేది, ఏసురాజు ఆమెతో ఎప్పుడూ సాయంకాలమండి అనేవాడు.

కృపమణి ఇంట్లో మాపన్న మాట ఒంటరిగా ఉండదు, రేపుతో కలిసే వస్తుంది. చాకలి బట్టలు తేకపోతే రేపో మాపో అంటున్నాడని పిన్ని విసుక్కుంటుంది. పై అధికారి ప్రమోషను సంగతి తేల్చకపోతే రేపూ మాపూ అని తిప్పుతున్నాడని నాన్నగారు తిట్టుకుంటారు. ఇయ్యడం ఇష్టం లేనివాడు, రావడం ఇష్టం లేనివాడు అనే మాట అది. రేపు అన్నా కాస్త నయమే. ఇతను రేపు కూడా అనలేదు, ఏకంగా మాపు అన్నాడు.

ఇంకొక్క మాట అడిగి ఉండవచ్చు. కాని అడిగినకొద్దీ తానే వెంటపడుతున్నట్టు ఉంటుందని ఆమెకు సిగ్గేసింది. "సరేలెండి. మాపే చూద్దాం" అని నవ్వి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ నవ్వు చూసి ఏసురాజు పొంగిపోయాడు. ఒప్పుకుందనుకున్నాడు.

ఇంటికి పోయి కృపమణి పెట్టె సర్దింది. నాన్నగారూ, రాజమండ్రికి రాసెయ్యండి అంది. పిన్నితో కలిసి మధ్యాహ్నం బండి ఎక్కింది. బండి వంతెన మీద వెళుతున్నప్పుడు ఏడుపొచ్చింది. కంట్లో బొగ్గు నలుసు పడిందని పిన్నితో చెప్పింది.

మాపటికి ఏసురాజు వచ్చాడు.

ఈరన్న రాణికి మెడలో కొత్త గజ్జెలు కట్టి మరీ తీసుకొచ్చాడు. తెల్ల చొక్కా గంజికి ఫెళఫెళలాడుతోంది. గుడారం సగం కూలి ఉంది. దేవదానం గారు పెట్టెల మధ్య ఒంటరిగా కూర్చుని ఉన్నారు. రా బాబూ, అమ్మాయి మధ్యాహ్నమే వెళ్ళిపోయింది, నువ్వు వస్తావని చెప్పలేదే అన్నారు. తరువాత సంతోషంగా, ఓవర్సీరు సంబంధానికి ఒప్పుకుందయ్యా, పొద్దుటే చెప్పింది, ఒక బరువు దిగింది నాకు అన్నారు.

ఏసురాజు సాయంకాలం వస్తానని చెప్పాడు. ఆమె సరే అంది. సాయంకాలం కాకముందే వెళ్ళిపోయింది. దీనికి మించి ఎవరైనా ఏం జవాబు చెబుతారు? కాదనడానికి ఇంత మర్యాదైన దారి లేదనుకున్నాడు. పెద్దాయన ముందు ఆ పిల్లను మాటపడనివ్వడం ఎందుకని, పెట్టెలు కట్టడానికి వచ్చానని చెప్పి, ఈరన్నతో కలిసి పెట్టెలన్నీ తాళ్ళు బిగించి కట్టాడు. తెల్ల చొక్కా మట్టి కొట్టుకుపోయింది. దారిలో ఈరన్న ఒక్క మాటా అడగలేదు. గజ్జెలు మాత్రం ఊరంతా మోగాయి.

ఓవర్సీరు మంచివాడు. అది ముందే చెప్పడం న్యాయం. కృపమణిని ఒక్క మాట అనేవాడు కాదు, కూరలో ఉప్పెక్కువైతే నీళ్ళు తాగేవాడు గాని చెప్పేవాడు కాదు. యాభై తొమ్మిదిలో అతనికి రాయచోటి బదిలీ అయింది. మళ్ళీ ఆ సీమా, ఆ ఎండా అని రాజమండ్రిలో అందరూ జాలిపడ్డారు. కృపమణి పెట్టెలు సర్దింది.

రాయచోటిలో అంట్లు తోమడానికి వెంకటేశ్వరమ్మ అనే ఆమె కుదిరింది. మొదటి రోజు పొద్దున ఇల్లంతా చూసుకుని, "మాపటికి వస్తాలేమ్మా" అని వెళ్ళిపోయింది.

కృపమణికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఇది రాదనుకుంది. ఈ వైపు మనుషులింతే అనుకుంది. చీర కుచ్చెళ్ళు దోపి అంట్లన్నీ తానే తోముకుంది. తోముతున్నంతసేపూ ఎవరి మీదో కోపంగా ఉంది, గిన్నెలు సొట్టలు పడేలా తోమింది.

పొద్దు వాలింది. దీపానికి కిరసనాయిలు పోస్తుంటే వెంకటేశ్వరమ్మ తలుపు తోసుకుని వచ్చి, బోర్లించిన గిన్నెలు చూసి చిన్నబుచ్చుకుంది.

"నేను వస్తానంటి కదమ్మా. మీరెందుకు తోముకుంటిరి?"

"మాపు అన్నావుగా నువ్వు" అంది కృపమణి.

"మాపే కదమ్మా ఇది. దీపాలు పెట్టే పొద్దాయ."

కృపమణి చేతిలో దీపం గాజు గ్లాసు అలాగే ఉండిపోయింది. "మాపంటే ఇదేనా?" అని అడిగింది. ఎన్నాళ్ళ నుంచి అంటారిలా అని కూడా అడిగింది. ఈ కోస్తామ్మకు ఏమైందోనని వెంకటేశ్వరమ్మ విచిత్రంగా చూసి, మా తాతల కాడినుంచి అంటాండామమ్మా అంది.

ఆమె పోయాక కృపమణి గడప మీద కూర్చుంది. అయితే అతను వచ్చే ఉంటాడు. ఆ సాయంకాలమే వచ్చి ఉంటాడు. ఒక పూట ఆగలేకపోయాను, ఒక్క మాటకు అర్థం అడగలేకపోయాను అనుకుంది. భర్త వచ్చి దీపం పెట్టలేదేమని అడిగేదాకా అక్కడే ఉంది. అతను మంచివాడు కావడం వల్ల ఏడవడానికి కూడా ఆమెకు హక్కు లేనట్టు అనిపించింది.

ఆ క్రిస్మసుకు బట్టలు కొనడానికి భార్యాభర్తలు కడప వచ్చారు. తిరుగు బస్సుకు టిక్కెట్లు తెస్తానని భర్త వెళ్ళాడు. బస్టాండులో చెట్టు కింద ఒక మనిషి పలకల కట్ట చంకలో పెట్టుకుని కమలాపురం బస్సు కోసం చూస్తున్నాడు. చెవిదాకా సుద్దపొడి.

"బాగున్నారా మాస్టారండీ?" అంది కృపమణి.

ఏసురాజు తిరిగి చూసి, పలకలు జారబోతే పట్టుకున్నాడు. బాగున్నానండి అన్నాడు. కమలాపురంలో హైస్కూలు మాస్టరుగా ఉన్నాడట. సాయంకాలాలు అక్కడా వరండా బడి నడుపుతున్నాడట. గిడ్డమ్మ పోయిందట, గంప మీద బుడ్డలు అన్న అక్షరాలు కోడలు చెరపనివ్వలేదట. ఇవన్నీ ఇస్త్రీ మాటల్లోనే చెప్పాడు. ఆమె మెడలో తాళి, చేతిలో బట్టల మూట చూసి, మీరు సుఖంగా ఉన్నారా అని అడిగాడు. ఉన్నానంది. అది అబద్ధం కాదు.

"మీ బడిలో నాకు ఒక్క మాట నేర్పలేదు మీరు" అంది తరువాత.

"ఏ మాటండి?"

"మాపు."

అతనికి అర్థం కాలేదు. ఆమె నేల చూస్తూ చెప్పింది. "మాపంటే సాయంకాలమని ఈమధ్యనే తెలిసింది. మా ఇంట్లో మాపంటే ఎప్పటికీ రాని రోజు. మీరు రానన్నారనుకున్నాను."

ఏసురాజు పలకలు కింద పెట్టేశాడు.

"నేనొచ్చినా" అన్నాడు. "ఆ పొద్దు మాపటికి వచ్చినా. నువ్వు పోయింటివి."

నువ్వు అన్నాడు, రెండోసారి. ఆ రెండోదానితో సరి అని ఇద్దరికీ తెలుసు.

"నాన్నగారు చెప్పలేదు."

"ఆయనకు నేనేమీ చెప్పల్యా. పెట్టెలు కట్టిచ్చి వచ్చేసినా." అని, తన చేతులు చూసుకుంటూ అన్నాడు: "బడికొచ్చినోళ్ళందరినీ అడిగితి, మీ ఇంట్లో ఏమంటారని. నిన్నొక్కదాన్నే అడగల్యా."

అంతలో ఓవర్సీరు టిక్కెట్లు పట్టుకుని వచ్చాడు. కర్నూల్లో మాస్టారని కృపమణి చెప్పింది. ఆయన చాలా సంతోషించాడు. పరాయి చోట తన భార్యకు తెలిసినవాళ్ళు దొరికారని మనస్ఫూర్తిగా సంతోషించాడు. మా ఇంటికి ఒకసారి భోజనానికి రావాలి మాస్టారూ అని ఏసురాజు చెయ్యి పట్టుకున్నాడు. వస్తానండి అన్నాడతను. అలా కాదు, ఎప్పుడొస్తారో చెప్పండి అని ఆయన వదల్లేదు. రాయచోటి బస్సు కదలబోతూ హారను కొడుతోంది.

ఏసురాజు కృపమణి వైపు చూశాడు. ఈసారి ఆమె ఇంట్లో మాట వెతుక్కుని చెప్పాడు.

"రేపో మాపో వస్తానండి."

తప్పకుండా రండి, ఎదురుచూస్తుంటాం అని ఓవర్సీరు మూట అందుకుని బస్సెక్కాడు. కృపమణి వెనకాల ఎక్కి, కిటికీ పక్కన కాకుండా లోపలి వైపు కూర్చుంది. ఆ మాట ఈసారి ఆమెకు సరిగ్గానే అర్థమైంది.